ట్యాబ్‌లో ఒక లెక్క, ల్యాప్‌టాప్‌లో ఇంకో లెక్క

ప్రశ్న: మా ప్రయోగశాలలో గాజు సామాను, రసాయనాల నిల్వ చూసుకోవడానికి నేనే ఒక వెబ్ యాప్ రాశాను. స్క్రీన్లు రియాక్ట్‌లో, డేటా టైనీబేస్ లైబ్రరీలోని మెర్జబుల్ స్టోర్‌లో (వేర్వేరు పరికరాల్లో చేసిన మార్పులను కలపగల స్టోర్). ఏది మారినా టేబుల్స్ అన్నిటినీ జేసన్ అనే పాఠ్య రూపంలోకి మార్చి, బ్రౌజర్‌లోనే ఉండే ఇండెక్స్‌డ్‌డీబీ అనే డేటాబేసులో పెడతాను. యాప్ తెరిచినప్పుడు దాన్ని తీసి సెట్‌టేబుల్స్ ఫంక్షన్‌తో స్టోర్‌ను మళ్లీ నింపుతాను. ట్యాబ్‌లనీ ల్యాప్‌టాప్‌నీ వెబ్‌సాకెట్ సర్వర్‌తో కలిపాను. ఇప్పుడు నాలుగు తలనొప్పులు. నిల్వ పేజీలో ఉండి రిఫ్రెష్ కొడితే అంతా పోయి నమూనా వస్తువులే మిగులుతున్నాయి, హోమ్ పేజీలో కొడితే ఏమీ కావడం లేదు. తీసేసిన వస్తువులు కొన్నాళ్లకు మళ్లీ ప్రత్యక్షమవుతున్నాయి. ఇద్దరు ఒకేసారి సామాను తీసుకుంటే నిల్వ సంఖ్య తప్పుతోంది. ఒక పరికరం మూసి ఉన్నప్పుడు ఇంకోదానిలో చేసిన మార్పు దానికి ఎప్పటికో గాని చేరడం లేదు. ఈ లైబ్రరీని వదిలేసి మామూలు డేటాబేసు, దాని ముందు ఒక ఏపీఐ పెట్టుకోమంటారా?

జవాబు: వదలక్కర్లేదు. మీ తలనొప్పుల్లో రెండు మీరు చేత్తో రాసుకున్న సేవింగ్ కోడ్ తెచ్చిపెట్టినవి. ఒకటి సర్వర్‌లో ఒక్క అమరిక లేక వచ్చింది. సంఖ్య తప్పడం మాత్రం అసలు సమస్య. దానికి మీ డేటా ఆకారమే మారాలి, లైబ్రరీ మారితే సరిపోదు. మామూలు డేటాబేసుకు వెళ్లినా, ఉన్న సంఖ్యను చదివి, అందులోంచి తీసేసి, మిగిలింది తిరిగి రాసే కోడ్ అలాగే ఉంటే అక్కడా ఇదే గొడవ.

తేలికైనది ముందు చూద్దాం. టైనీబేస్‌తో వచ్చే వెబ్‌సాకెట్ సర్వర్, మీరు ఇంకేమీ చెప్పకపోతే, ఉత్త మధ్యవర్తి. ఒక క్లయింట్ (కనెక్టయిన పరికరం) పంపిన సందేశాన్ని అదే పాత్ (సర్వర్ చిరునామాలోని దారి పేరు) మీదున్న మిగతా క్లయింట్లకు అందిస్తుంది, తన దగ్గర ఏమీ ఉంచుకోదు. ఉదయం ల్యాప్‌టాప్‌లో మార్పు చేసి మూసేశారు. మధ్యాహ్నం ట్యాబ్ తెరిచారు. ఆ సమయంలో సర్వర్‌కు కనెక్టయి ఇంకెవరూ లేకపోతే ట్యాబ్ ఆ మార్పును ఎవరినడిగి తెచ్చుకోవాలి? క్రియేట్‌డబ్ల్యూఎస్‌సర్వర్ ఫంక్షన్‌కు రెండో ఆర్గ్యుమెంట్ ఒకటుంది: పాత్ పేరు ఇస్తే దానికో పెర్సిస్టర్ (స్టోర్‌ను దాచి, తిరిగి తెచ్చే భాగం) తయారుచేసి ఇచ్చే ఫంక్షన్. అందులో సర్వర్ వైపు ఒక మెర్జబుల్ స్టోర్ సృష్టించి, ఫైల్ పెర్సిస్టర్ తగిలించి ఇవ్వండి. అప్పటినుంచి సర్వర్ కూడా ఎప్పుడూ మెలకువగా ఉండే ఒక క్లయింట్ అవుతుంది. ఆ ఫైలును రోజూ వేరే చోటికి కాపీ చేసుకుంటే మీకు బ్యాకప్ కూడా అమరినట్టే.

ఇక రిఫ్రెష్ సంగతి. హోమ్ పేజీలో ఏమీ కాకుండా నిల్వ పేజీలోనే పోతోందని మీరు గమనించి రాయడం మంచిదైంది, జబ్బు ఎక్కడుందో అదే చెబుతోంది. నిల్వ పేజీ కాంపొనెంట్ తెరుచుకోగానే టేబుల్స్ ఖాళీగా ఉన్నాయా అని చూసి, ఉంటే నమూనా వస్తువులు పెట్టే కోడ్ ఒకటి అందులో ఉండే ఉంటుంది. హోమ్ పేజీ మీదుగా వెళ్తే, మీరు అక్కడికి చేరేలోపే ఇండెక్స్‌డ్‌డీబీ నుంచి డేటా వచ్చేస్తుంది, కనుక ఆ కోడ్ నోరు మూసుకుంటుంది. నేరుగా నిల్వ పేజీలోనే రిఫ్రెష్ కొడితే ఆ వ్యవధి దొరకదు. ఇండెక్స్‌డ్‌డీబీ నుంచి చదవడం అసింక్రనస్ పని, అంటే కాస్త ఆగి పూర్తయ్యేది, మీ ఖాళీ పరీక్ష అప్పటికప్పుడు జరిగిపోయేది. స్టోర్ అప్పుడు నిజంగానే ఖాళీ, అందుకని నమూనాలు పడతాయి. ఏదో మారింది కదా అని, మార్పుల్ని కనిపెట్టి సేవ్ చేసే మీ లిజనర్ వెంటనే ఆ నమూనాలనే డిస్క్ మీద రాసేస్తుంది. అసలు డేటా దాంతో సరి.

కాబట్టి యాప్ మొదలయ్యే క్రమాన్ని ఒకే చోటికి తెచ్చి బిగించండి. స్టోర్ సృష్టించాలి, దాచిన డేటా లోడయ్యేదాకా ఆగాలి, ఆ తర్వాతే ఆటోసేవ్ మొదలుపెట్టాలి, అప్పుడే మొదటి స్క్రీన్ గీయాలి. టైనీబేస్ పెర్సిస్టర్లలో స్టార్ట్‌ఆటోలోడ్, స్టార్ట్‌ఆటోసేవ్ రెండూ ప్రామిస్ ఇస్తాయి, అంటే పని కాసేపటికి ముగుస్తుందన్న మాట మాత్రమే ఇస్తాయి. రెండింటి ముందూ అవెయిట్ (ముగిసేదాకా ఆగు అనే ఆదేశం) ఉండాలి, లోడ్ ముందు, సేవ్ తర్వాత. స్టార్ట్‌ఆటోసేవ్‌ను పిలవగానే ముందుగా ఒకసారి సేవ్ చేసి మరీ మొదలవుతుంది. అంటే ఈ రెండు వరుసల్నీ తారుమారు చేస్తే ఖాళీ స్టోర్‌ను చేతులారా డిస్క్ మీద రాసినట్టే. సర్వర్‌తో మార్పులు ఇచ్చిపుచ్చుకునే సింక్రనైజర్‌ను మాత్రం ఆఖర్న మొదలుపెట్టండి, దానికోసం స్క్రీన్‌ను ఆపకండి. నెట్ లేని రోజున యాప్ తెల్ల తెరతో నిలబడిపోతే ఇంత కష్టపడి డేటాను బ్రౌజర్‌లో దాచుకుని ఏం లాభం?

తీసేసినవి తిరిగి రావడానికి కారణం కొంచెం లోతైనది. మెర్జబుల్ స్టోర్‌లో ప్రతి గడికీ విలువతోపాటు ఒక కాలముద్ర ఉంటుంది. రెండు పరికరాల విలువలు వేరైతే, ఎవరి కాలముద్ర తర్వాతిదైతే వాళ్ల విలువ నిలుస్తుంది. వరుసను తీసేసినా అది పూర్తిగా మాయమవదు. ఇది ఫలానా సమయానికి తీసేశారు అన్న గుర్తు లోపల మిగిలే ఉంటుంది. ఆ గుర్తు లేకపోతే, ఒక పరికరంలో ఉండి రెండోదానిలో లేని వరుస కొత్తగా చేర్చిందో, పాతది తీసేసిందో చెప్పడానికి ఏ ఆధారమూ ఉండదు.

మీ కోడ్ దాస్తున్నది టేబుల్స్ విలువల్ని మాత్రమే. కాలముద్రలూ, తీసేసిన గుర్తులూ జేసన్‌లోకి రావడమే లేదు. ఇప్పుడు ఇలా ఊహించండి. ఒక ట్యాబ్ వారం రోజులు సొరుగులో ఉండిపోయింది. ఈలోగా ల్యాప్‌టాప్‌లో ఎవరో పగిలిన బ్యూరెట్ వరుసను తీసేశారు. వారం తర్వాత ట్యాబ్ తెరిచారు. మీ కోడ్ పాత జేసన్‌ను తీసి సెట్‌టేబుల్స్‌తో ఖాళీ స్టోర్‌లో పోసింది. స్టోర్ దృష్టిలో అవన్నీ ఇప్పుడే, ఈ క్షణంలో ఎవరో టైప్ చేసిన విలువలు. అన్నింటికీ ఇవాళ్టి కాలముద్ర పడింది. సింక్ మొదలవగానే వారం నాటి బ్యూరెట్, నాలుగు రోజుల కిందటి తీసివేత కంటే కొత్తదిగా నిలబడి గెలిచింది. ఆ బ్యూరెట్ ఒక్కటే కూడా కాదు, ఆ వారంలో మిగతావాళ్లు సరిదిద్దిన పేర్లు, స్థలాలు, గడువు తేదీలు అన్నీ ఆ ట్యాబ్ పాత విలువల కిందికి పోయి ఉంటాయి. తిరిగొచ్చిన వస్తువు కంటికి కనిపిస్తుంది కనుక ఫిర్యాదు దాని మీదే వచ్చింది. వెనక్కి పోయిన గడువు తేదీని ఎవరూ పట్టుకోలేదన్నమాట. రసాయనాల నిల్వ విషయంలో నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

మందు సులువే. చేత్తో రాసిన సేవింగ్‌ను తీసేసి, మెర్జబుల్ స్టోర్‌ను కాలముద్రలతో సహా దాచగల పెర్సిస్టర్ వాడండి. అన్ని పెర్సిస్టర్లూ దాచలేవు. టైనీబేస్ డాక్యుమెంటేషన్‌లో ఏ పెర్సిస్టర్ ఏ రకం స్టోర్‌కు పనికొస్తుందో చూపే పట్టిక ఉంది, అది చూసి ఎంచుకోండి. లోకల్ పెర్సిస్టర్ పనికొస్తుంది, కానీ అది వాడే బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో సుమారు 5 ఎంబీకి మించి పట్టదు. పైగా అది రాసినప్పుడల్లా మొత్తం స్టోర్‌ను జేసన్‌గా మార్చి రాస్తుంది. మీ డేటా చిన్నదే కనుక దానితో మొదలుపెట్టవచ్చు, పెరిగితే బ్రౌజర్‌లో ఆ సైటుకే కేటాయించిన ఫైళ్లలో దాచే ఓపీఎఫ్ఎస్ పెర్సిస్టర్‌కు మారవచ్చు. వ్యాఖ్యల గడిలో ప్రతి అక్షరానికీ స్టోర్‌ను కదిలించకుండా, గడి వదిలి బయటికి వచ్చినప్పుడు ఒక్కసారి రాస్తే ఈ బరువు చాలావరకు తగ్గుతుంది.

నమూనా వస్తువులకూ ఇదే నియమం వర్తిస్తుంది. కొత్త ట్యాబ్ తెరిచినప్పుడు మామూలుగా పెట్టే విలువలకు ఆ క్షణపు కాలముద్ర పడుతుంది. మిగతా పరికరాల్లో ఎప్పుడో సరిదిద్దుకున్న వర్గాల పేర్లను అవి తుడిచిపెడతాయి. మెర్జబుల్ స్టోర్‌లో సెట్‌డిఫాల్ట్‌కంటెంట్ అనే మెథడ్ ఉన్నది ఇందుకే. అది పెట్టే విలువలకు ఖాళీ కాలముద్ర ఉంటుంది, కాబట్టి మనిషి చేసిన ఏ మార్పైనా వాటిని గెలుస్తుంది.

కాలముద్రలంటే వెంటనే వచ్చే అనుమానం: ఒక ట్యాబ్ గడియారం తప్పుగా ఉంటే? ఉత్త గడియారాన్ని నమ్మితే కొంప మునుగుతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే దీనికి దారి చూపాడు. సంఘటనల వరుస తెలియాలంటే గోడ గడియారం అవసరం లేదు, ఏది చూశాక ఏది జరిగిందో తెలిపే లెక్కింపు చాలని. 2014లో వచ్చిన హైబ్రిడ్ లాజికల్ క్లాక్ ఆ లెక్కింపును అసలు గడియారంతో జోడించింది, టైనీబేస్ వాడేది ఆ రకాన్నే. మీ ట్యాబ్ గడియారం ఒక రోజు ముందుకు పోయిందనుకుందాం. దాని మార్పు ల్యాప్‌టాప్‌కు చేరగానే, ల్యాప్‌టాప్ తన లెక్కనూ అంతవరకు ముందుకు జరుపుకుంటుంది. కనుక ఆ మార్పును చూసి ల్యాప్‌టాప్‌లో మీరు చేసిన సవరణ ఓడిపోదు. ఒకరిదొకరు చూడకుండా చేసిన మార్పుల మధ్య మాత్రం ముందుకు పోయిన గడియారానిదే పైచేయి అవుతుంది. పరికరాల్లో ఆటోమేటిక్ సమయం ఆన్‌లో ఉంచితే ఈ మిగిలిన చిక్కు కూడా చాలావరకు పోతుంది.

ఇప్పుడు అసలు కథ. నిల్వలో 40 టెస్ట్ ట్యూబులు ఉన్నాయి. నెట్ లేనప్పుడు ఒకరు తమ ట్యాబ్‌లో 3 తీసుకున్నట్టు నొక్కారు, గడిలో 37 పడింది. రెండో ట్యాబ్‌లో ఇంకొకరు 2 తీసుకున్నారు, అక్కడ 38. నెట్ వచ్చింది, సింక్ అయింది, తర్వాత నొక్కిన రెండోవారి 38 నిలిచింది. అరలో ఉన్నవి 35. లైబ్రరీ తన మాట తప్పలేదు, ఒకే గడిలో రెండు విలువలుంటే తర్వాతిది ఉంచుతానంది, ఉంచింది. 37 అనే అంకె వెనుక మూడు తీసుకున్నారు అనే పని ఉందని దానికి మీరెప్పుడూ చెప్పలేదు.

ఖాతా పుస్తకం రాసే మనిషి నిల్వ అంకెను కొట్టేసి కొత్తది రాయడు, జమ ఒక పంక్తి, ఖర్చు ఒక పంక్తి రాసి కింద కూడుతాడు. మీరు చేయాల్సిందీ అదే. వస్తువుల టేబుల్ నుంచి నిల్వ అనే గడి తీసేయండి. కదలికలు అని కొత్త టేబుల్ పెట్టండి. ప్రతి తీసుకోలుకూ, ప్రతి చేర్పుకూ అందులో ఒక కొత్త వరుస: ఏ వస్తువు, ఎంత, ఎవరు, ఎప్పుడు. తీసుకుంటే మైనస్ 3, కొత్త పెట్టె వస్తే ప్లస్ 50. ఇద్దరు ఒకేసారి తీసుకున్నా రెండూ వేర్వేరు వరుసలు. గొడవపడటానికి ఉమ్మడి గడే లేదు. సింక్ అయ్యాక రెండు వరుసలూ ఉంటాయి, కూడితే 35 వస్తుంది. టైనీబేస్ క్వెరీల్లో గ్రూప్ అనే సదుపాయం ఉంది, వస్తువు ఐడీని సెలెక్ట్ చేసి, పరిమాణాన్ని సమ్‌తో గ్రూప్ చేస్తే ఒక్కో వస్తువుకూ మొత్తం వస్తుంది. కొత్త కదలిక పడినప్పుడల్లా ఆ మొత్తం దానంతటదే మారుతుంది, స్క్రీన్ కూడా. రియాక్టివ్ స్టోర్ వాడుకున్నందుకు ఫలితం ఇక్కడే కనిపిస్తుంది.

ఇందులో ఒక మడతపేచీ ఉంది. వరుసల సంఖ్యకు ఒకటి కలిపి కొత్త ఐడీ ఇచ్చే అలవాటు చాలామందికి ఉంటుంది. నెట్ లేని రెండు ట్యాబ్‌లు రెండూ 41 అనే ఐడీతో కదలిక రాస్తే, సింక్ దృష్టిలో అవి రెండు వరుసలు కావు, ఒకే వరుసకు రెండు సవరణలు. తర్వాతిది మిగులుతుంది, ముందుది చప్పుడు చేయకుండా పోతుంది, మీరు మళ్లీ మొదటికొస్తారు. టైనీబేస్‌లోని గెట్‌యునీక్‌ఐడీ గాని, బ్రౌజర్‌లోనే ఉండే క్రిప్టో రాండమ్‌యూయూఐడీ గాని వాడండి, అవి ఇచ్చే ఐడీలు ఒకదానితో ఒకటి కలవవు.

తప్పుగా రాసిన కదలికను తీసేయకండి, సవరించకండి. దానికి ఎదురు కదలిక రాయండి. మైనస్ 3 బదులు మైనస్ 30 అని పొరపాటున నొక్కితే ప్లస్ 27 అని ఇంకో వరుస పడాలి. అరలు లెక్కపెట్టి చూసినప్పుడు తేడా తేలితే దానికీ లెక్క సవరణ అని ఒక వరుస. కదలికలు పోగుపడతాయని బెంగ వద్దు, కొన్ని వేల వరుసలు ఈ స్టోర్‌కు బరువు కావు. మీకు ఊరికే దక్కే లాభం ఒకటుంది: నిల్వ ఎందుకు తగ్గిందని ఎవరైనా అడిగితే చూపించడానికి చరిత్ర ఉంటుంది.

ఈ పద్ధతిలో ఒక్కోసారి నిల్వ మైనస్ 1 చూపిస్తుంది. చివరి సీసాను ఇద్దరూ తీసుకున్నట్టు నొక్కినప్పుడు అలా అవుతుంది. చాలామంది దీన్ని బగ్ అనుకుని సున్నా దగ్గర ఆపేస్తారు. నా సలహా, ఆపకండి, ఎర్రగా చూపించండి. ఎవరో తీసుకోకుండానే నొక్కారు, లేదా కొత్తగా వచ్చిన పెట్టెను ఎక్కించడం మర్చిపోయారు. దాచేస్తే అది ఎప్పటికీ తెలియదు.

మీరడిగిన మామూలు డేటాబేసుకు చోటు ఎక్కడంటే, తర్వాత సవరించుకుందాం అనడానికి వీల్లేని చోట. మైక్రోస్కోపును ఒక సమయానికి ఒక్కరే బుక్ చేసుకోవాలి. నియంత్రణలో ఉన్న రసాయనం అనుమతి లేకుండా బయటికి పోకూడదు. నెట్ లేని రెండు పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా ఇలాంటి హామీ ఇవ్వలేవు, ఎంత తెలివైన సింక్ లైబ్రరీ అయినా సరే. ఆ రెండు మూడు పనులకు సర్వర్ మీద చిన్న ఏపీఐ, దాని వెనుక ట్రాన్సాక్షన్ (పని మొత్తం జరగాలి, లేదా అసలు జరగకూడదు అనే హామీ) ఉన్న డేటాబేసు పెట్టండి. నెట్ లేకపోతే బుకింగ్ బటన్ నొక్కడానికి వీల్లేకుండా చేయండి. మిగతా యాప్ అంతా ఇప్పుడున్నట్టే ఉండనివ్వండి. అనుమతుల మాట వచ్చింది కనుక ఇంకొకటి: ఒక పాత్‌కు కనెక్టయిన ఏ క్లయింటైనా ఆ స్టోర్‌లో ఏ గడినైనా మార్చగలదు. బ్రౌజర్‌లో స్కీమా (ఏ గడిలో ఏ రకం విలువ ఉండాలన్న నియమాలు) పెట్టినంత మాత్రాన అది కాపలా కాదు. వెబ్‌సాకెట్ కనెక్షన్ ఇచ్చే ముందే సర్వర్ దగ్గర లాగిన్ సరిచూడండి.

మీ ట్యాబ్‌లు ఐప్యాడ్‌లైతే సఫారీ సంగతి తెలిసుండాలి. 2020లో వచ్చిన సఫారీ 13.1 నుంచి, సఫారీ వాడుతూ కూడా 7 రోజులపాటు ఒక సైటును ముట్టుకోకపోతే ఆ సైటు స్క్రిప్టులు దాచిన డేటాను అది తుడిచేయవచ్చు. హోమ్ స్క్రీన్‌కు చేర్చిన వెబ్ యాప్‌లకు ఈ నియమం వర్తించదు, కనుక అందరిచేతా అలా చేర్పించండి. ఇతర బ్రౌజర్లలో నావిగేటర్ స్టోరేజ్ పర్సిస్ట్‌ను ఒకసారి పిలిస్తే, డిస్క్ నిండినప్పుడు మీ డేటాను ముందుగా తీసేయవద్దని విన్నవించుకున్నట్టు. సర్వర్‌లో ఫైల్ పెర్సిస్టర్ ఉన్నాక ఏ ట్యాబ్ మతిమరుపూ పెద్ద నష్టం కాదు, సింక్ కాకుండా మిగిలిన మార్పులు తప్ప.

ఇక మారే రోజు ఏం చేయాలి. ఇప్పుడున్న పరికరాల్లో ఏది నిజమో ఎవరూ చెప్పలేరు, కనుక వాటిని ఒకదానితో ఒకటి కలిపి చూడాలనే ఆశ వదులుకోండి. అరలు లెక్కపెట్టండి. కొత్త కోడ్‌లో వెబ్‌సాకెట్ పాత్ పేరూ, బ్రౌజర్‌లో దాచే కీ పేరూ రెండూ కొత్తవి పెట్టండి. ల్యాప్‌టాప్ ఒక్కటే తెరిచి, వస్తువుల జాబితానూ ఒక్కో వస్తువుకు ప్రారంభ నిల్వ అనే కదలికనూ దాన్నుంచే ఎక్కించండి. సర్వర్ ఫైలులో అవి పడ్డాయని కళ్లతో చూశాక ట్యాబ్‌లు తెరవండి, అవే తెచ్చుకుంటాయి. పాత ఇండెక్స్‌డ్‌డీబీని కొత్త కోడ్ చదవకూడదు, కానీ వెంటనే చెరపొద్దు. తర్వాతిసారి అరలు లెక్కపెట్టేదాకా ఉంచి, లెక్క కుదిరాక డిలీట్‌డేటాబేస్‌తో తీసేయండి. సర్వీస్ వర్కర్ క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న యాప్ ఫైళ్లు) వల్ల ఏదో ఒక ట్యాబ్ పాత కోడ్‌తోనే కొన్నాళ్లు నడవవచ్చు. పాత్ పేరు వేరు కనుక దానిలోని పాత విలువలు కొత్త స్టోర్ దరిదాపులకు రావు. మారాక వారం పాటు సర్వర్ లాగ్‌లో పాత పాత్‌కు వచ్చే కనెక్షన్లు చూడండి, వస్తుంటే ఆ ట్యాబ్ ఎవరిదో వెతికి కొత్త వెర్షన్ ఎక్కించండి.